గూడబాతు (పెలికాన్) రెక్క ఆడించకుండా పైకి ఎట్టా పోతుంది?

పెన్నా_ఒడ్డు (నెల్లూరు)
ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నిన్న మా అబ్బాయిని తీసుకుని నేలపట్టు పక్షుల కేంద్రానికి పోయొచ్చాం. వాడు నాలుగో తరగతి. మేము చేరేసరికి ఎనిమిదిన్నర. గూడబాతులన్నీ చెరువులో మునిగి ఉన్న కడప చెట్ల మీద కూర్చునే ఉన్నాయి. పిల్లలు అరుస్తున్నా పెద్దవి చాలావరకు కదల్లేదు. పది దాటాక ఒకటి లేచింది, దాని వెనక ఇంకో నాలుగు. చెరువు మీద గుండ్రంగా తిరుగుతూ తిరుగుతూ ఆవగింజంత అయిపోయాయి. పైకి పోయేటప్పుడు అవి రెక్కలు ఆడించనే లేదు. అట్టా చాపి పెట్టేశాయంతే.

మా వాడు అడిగాడు: "అమ్మా, గాలిపటానికైతే దారం ఉంది. దీనికి దారం లేదు, రెక్కలు కూడా ఆడించడం లేదు. మరి పైకి ఎట్టా పోతోంది?"

నాకు జవాబు తెలియలేదు. బస్సులో అడిగాడు, ఇంటికొచ్చి అన్నం తింటూ అడిగాడు. తెలిసిన వాళ్లు పదేళ్ల పిల్లాడికి అర్థమయ్యేట్టు చెప్పండి. ఏదో ఒకటి చెప్పి నోరు మూయించడం నాకు ఇష్టం లేదు.

తడ_సరస్సు
ఆదివారం, రాత్రి 9:48

అక్కా, మీ వాడు బాగా చూశాడు. మాది పులికాట్ సరస్సు ఒడ్డున ఊరు, వేట మీద బతికే ఇల్లు. గూడబాతులు పొద్దు బాగా ఎక్కితేనే పైకి లేస్తాయని మా నాయన అంటాడు. నేలపట్టులో గూడు, సరస్సులో మేత. పిల్లలకు చేప తేవాలంటే రోజూ పోయిరావాలి. ఆ దూరమంతా రెక్కలు కొట్టుకుంటూ పోతే తెచ్చిన చేప వాటికే చాలదు.

ఇంకోటి కూడా గమనించండి. పైన తిరిగేటప్పుడు ఒక రకం, సరస్సు మీదికి వచ్చాక ఇంకో రకం. నీళ్లకు మూరెడు ఎత్తులో, పొట్ట తగులుతుందేమో అన్నట్టు పోతాయి. నాలుగైదు సార్లు రెక్క కొట్టి, తర్వాత చాలా దూరం అట్టాగే జారిపోతాయి. చలికాలం పొద్దున్నే పడవలో ఉంటే మన పక్క నుంచే పోతాయి. ఎందుకు అంత కిందగా పోతాయో మాత్రం నాకు కారణం తెలియదు. సార్లు ఎవరైనా ఉంటే చెప్పాలి.

ఒంగోలు_భౌతికం
సోమవారం, ఉదయం 6:30

ఫిజిక్స్ చెప్పి రిటైరైన వాణ్ని. ఆ బాబు ప్రశ్న చాలా మంచి ప్రశ్న అమ్మా. నిదానంగా చెబుతాను.

ఎండకు నేల అంతటా ఒకేలా వేడెక్కదు. దున్నిన చేను, తారు రోడ్డు, ఎండిన మడి తొందరగా వేడెక్కుతాయి. చెరువు, పచ్చటి పైరు నిదానంగా వేడెక్కుతాయి. వేడెక్కిన చోట గాలి తేలికై పైకి లేస్తుంది. వేసవిలో దుమ్ము లేపుతూ తిరిగే సుడిగాలిని బాబు చూసే ఉంటాడు. అలాంటి పైకిపోయే గాలి, దుమ్ము లేకుండా మన కంటికి కనపడకుండా చాలాచోట్ల ఉంటుంది. గూడబాతు పది గంటల దాకా ఆగేది అందుకోసమే. ఎనిమిదిన్నరకు నేల ఇంకా వేడెక్కి ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి. రెక్కలు చాపి పెట్టిన పక్షి నిజానికి గాలిలో కిందికే జారుతూ ఉంటుంది. అయితే తాను దిగే వేగం కంటే చుట్టూ ఉన్న గాలి లేచే వేగం ఎక్కువ. రైల్వే స్టేషన్లో పైకి కదిలే మెట్ల మీద ఒక మనిషి నిదానంగా కిందికి అడుగులు వేస్తున్నాడనుకోండి. అతను దిగుతున్నాడు, మెట్లు అతన్ని పైకి తీసుకుపోతున్నాయి. గూడబాతు సంగతీ అంతే. గుండ్రంగా తిరగడం ఎందుకంటే, ఆ లేచే గాలి ఒక స్తంభంలా ఉంటుంది, నేరుగా పోతే దాన్ని దాటిపోతుంది.

ఇక దారం మాట. గాలిపటాన్ని దారం పట్టి ఉంచుతుంది కాబట్టి గాలి దాని మీదుగా పోతుంది. దారం తెగితే పటం కూలిపోతుంది. పక్షికి ఆ దారం పని చేసేది దాని బరువు. బరువు లాగడం వల్లే పక్షి ముందుకు జారుతుంది, జారుతుంటేనే రెక్క మీద గాలి పారుతుంది. కాబట్టి బాబుకు చెప్పండి: దీనికీ దారం ఉంది, దాన్ని భూమి పట్టుకుని ఉంది.

తడ తమ్ముడు అడిగిందానికి: నీటికి దగ్గరగా ఎగిరితే రెక్క చివర్లలో పుట్టే గాలి సుడులు పూర్తిగా విచ్చుకోవడానికి చోటు ఉండదు. ఆ సుడులు పక్షిని వెనక్కి లాగుతాయి, అవి తగ్గితే శ్రమ తగ్గుతుంది. మీ నాయనగారు చెప్పింది, మీరు చూసింది రెండూ సరైనవే.

కందుకూరు_టీచరమ్మ
సోమవారం, రాత్రి 8:15

సార్, నమస్తే. నేను ఏడో తరగతికి సైన్స్ చెబుతాను. రెక్క పైభాగం వంపుగా ఉంటుంది, పైనుంచి పోయే గాలికి దారి ఎక్కువ, కింది గాలితో పాటే వెనక కలవాలి కాబట్టి వేగంగా పోతుంది, అందుకే పైన ఒత్తిడి తగ్గి రెక్క లేస్తుంది అని చెబుతూ వస్తున్నాను. మా గైడులో కూడా అదే ఉంది. పిల్లలకు ఇలా చెప్పొచ్చా?

ఒంగోలు_భౌతికం
సోమవారం, రాత్రి 9:02

అమ్మా, పైన వేగం ఎక్కువ, ఒత్తిడి తక్కువ అన్నది నిజం. "రెండూ ఒకేసారి వెనక కలవాలి" అన్న ముక్క మాత్రం తప్పు. అలా కలవాలన్న నియమం ఏదీ లేదు. కొలిచి చూస్తే పైగాలి కిందిగాలి కంటే ముందే వెనక అంచుకు చేరుతుంది. నేనూ కొన్నేళ్లు అదే తప్పు చెప్పాను.

పిల్లలకు ఇలా చెప్పండి: రెక్క తన మీదుగా పోయే గాలిని కిందికి వంచుతుంది. గాలిని కిందికి తోస్తే గాలి రెక్కను పైకి తోస్తుంది. వెడల్పాటి అట్టను ముందు అంచు కొంచెం పైకెత్తి పట్టుకుని టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టమనండి. చెయ్యి దానంతటదే లేస్తుంది. ఆ అంచును ఇంకా ఎక్కువ ఎత్తితే ఒక దశలో లేవడం మాని వెనక్కి తోయడం మొదలవుతుంది. దాన్ని స్టాల్ అంటారు. పక్షులు వాలేటప్పుడు ఆ ప్రమాదం అంచుకు వస్తాయి. అప్పుడు గద్దను దగ్గరగా చూడగలిగితే, రెక్క మడత దగ్గర చిన్న ఈకల కుచ్చు ఒకటి విడిగా లేచి కనిపిస్తుంది. అది దాని బొటనవేలు. ఆ సందులోంచి దూసుకుపోయే గాలి రెక్కపైన ప్రవాహం చెదరకుండా చూస్తుంది.

కందుకూరు_టీచరమ్మ
సోమవారం, రాత్రి 9:20

థ్యాంక్స్ సార్. రేపే పిల్లలకు తప్పు చెప్పానని చెప్పి సరిచేస్తాను. ఫ్యాన్, అట్ట కూడా తీసుకుపోతాను.

కావలి_చికెన్
మంగళవారం, మధ్యాహ్నం 2:40

నేను చికెన్ కొట్టు నడుపుతా. చదువు పెద్దగా లేదు గానీ కోడి లోపలి సంగతి చేత్తో తెలుసు. రొమ్ము కండ తీసేటప్పుడు కింద, ఎముకకు ఆనుకుని సన్నటి కండ ఇంకోటి విడిగా వస్తుంది. దాని కొసన తెల్లటి గట్టి నరం ఉంటుంది. రెక్క తీయకముందు ఆ నరాన్ని పట్టుకుని లాగితే రెక్క పైకి లేస్తుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నా. కండ ఉండేది కింద, రెక్క లేచేది పైకి. ఇది ఎట్టా?

ఒంగోలు_భౌతికం
మంగళవారం, సాయంత్రం 5:55

అన్నా, మీరు లాగింది పక్షి శరీరంలోని గిలకను. బావి గిలక గుర్తుందా? మనం తాడును కిందికి లాగితే చేద పైకి వస్తుంది. భుజం దగ్గర మూడు ఎముకలు కలిసే చోట ఒక రంధ్రం ఉంది. మీరు చెప్పిన తెల్ల నరం ఆ రంధ్రం గుండా పైకెక్కి, రెక్క ఎముకకు పైవైపున అతుక్కుంటుంది. కండ కిందికి లాగితే రెక్క పైకి లేస్తుంది. పైనున్న పెద్ద రొమ్ము కండ రెక్కను కిందికి కొడుతుంది. అంటే దించే కండ, ఎత్తే కండ రెండూ రొమ్ములోనే ఉన్నాయి. వీపు మీద బరువు పెట్టుకోకుండా బరువంతా కిందే ఉండటం వల్ల పక్షి గాలిలో తిరగబడదు.

మీరే ఇంకోటి కూడా చెప్పగలరు. కోడి రొమ్ము తెల్లగా ఉంటుంది, పావురం రొమ్ము ముదురు ఎరుపు. కోడి కండ ఒక్కసారి గోడ ఎక్కడానికి సరిపోతుంది, వెంటనే అలసిపోతుంది. పావురం కండకు రక్తం బాగా అందుతుంది, గంటల తరబడి పనిచేస్తుంది.

కావలి_చికెన్
మంగళవారం, రాత్రి 10:05

ఇరవై ఏళ్లుగా కోస్తున్నా సార్, ఎవరూ చెప్పలేదు. రేపు పొద్దున ఆ రంధ్రం వెతికి చూస్తా.

గూడూరు_మడికట్టు
బుధవారం, ఉదయం 7:20

రెక్క చప్పుడు గురించి నేను చెబుతాను. మేము యానాదులం. మా తాత చీకట్లో పిట్ట లేస్తే రెక్క చప్పుడు విని పేరు చెప్పేవాడు. కౌజు కాళ్ల దగ్గర నుంచి బుర్రుమని లేస్తుంది, గుండె ఆగినంత పని అవుతుంది. పావురం లేచేటప్పుడు రెక్కలు ఒకదానికొకటి తగిలి చప్పట్లు కొట్టినట్టు ఉంటుంది. బాతుల గుంపు తల మీదుగా పోతే గాలి కోసిన ఈల వినపడుతుంది. అసలు ఏ చప్పుడూ లేకుండా నీడ ఒకటి దాటిందంటే గుడ్లగూబ.

జెర్డన్ అని ఒక వైద్యుడు 1840లలో మన నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. ఇక్కడి పిట్టల గురించి మా యానాదుల దగ్గర అడిగి తెలుసుకున్నాడు. కలివికోడికి ఇంగ్లీషులో ఆయన పేరే ఉంది. 1900 తర్వాత అది లేనే లేదనుకున్నారు, 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. రెక్కలుండీ ఎక్కువగా నేల మీద పరుగు తీసే పిట్ట అది. పుస్తకాల్లో జెర్డన్ పేరు ఉంది. ఆయనకు చెప్పిన మా వాళ్లలో ఒక్కరి పేరన్నా తెలిస్తే బాగుండేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

కోవూరు_వరి
బుధవారం, ఉదయం 9:00

అన్నా, మీ తాత మాట అక్షరాలా నిజం. గుడ్లగూబ రెక్క ముందు అంచు ఈకకు దువ్వెన పళ్లలాంటివి ఉంటాయి. వెనక అంచు చీర కుచ్చులా మెత్తగా ఉంటుంది, పైన ముఖమల్ లాంటి నూగు. గాలి చప్పుడు చెయ్యకుండా చీలిపోతుంది. ఎలుకకు అది వచ్చేది వినపడదు, ఎలుక కదిలేది మాత్రం దానికి వినపడుతుంది. మా మడిలో పక్షి స్థావరాలు పెట్టాం, కర్రకు అడ్డకర్ర కట్టి. పగలు ఏట్రింతలు, పాలపిట్టలు వాలుతాయి, రాత్రి గుడ్లగూబ. మా ఊళ్లో ఇంకా దాన్ని చావుపిట్ట అని రాళ్లు వేసేవాళ్లున్నారు. రాయి వేసిన వాళ్ల చేల్లోనే అది ఎలుకలు పడుతోంది. చూస్తే బాధేస్తుంది.

కొత్తపట్నం_వనామీ
గురువారం, రాత్రి 11:30

ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించా. మాకు రెండు రొయ్యల చెరువులున్నాయి. చెరువు మీద నైలాన్ దారాలు కట్టాం, ఈ చుట్టుపక్కల చాలామంది కడతారు. కారణం ఉంది. తెల్లమచ్చ రోగం వచ్చిన చెరువులో చచ్చిన రొయ్యను కాకి ఎత్తుకొచ్చి పక్క చెరువులో పడేస్తే మా పంట పోయినట్టే. లక్షల అప్పు మీద నడిచే పని ఇది.

నిన్న తెల్లవారుజామున చెక్‌ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) చూడబోతే దారంలో చింతవక్క అనే కొంగ చిక్కుకుని ఉంది. కుడి రెక్క మెలి తిరిగి రక్తం కారుతోంది. దారం కోసి, గోనెసంచి కప్పి ఇంటికి తెచ్చా. అది నన్ను చూసిన చూపు మర్చిపోలేకపోతున్నా. రెక్క విరిగిందా, మళ్లీ ఎగురుతుందా ఎట్టా తెలుస్తుంది? నీళ్లు నోట్లో పోస్తే మింగడం లేదు.

కందుకూరు_టీచరమ్మ
గురువారం, రాత్రి 11:41

అన్నా, నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అట్టపెట్టెకు చిల్లులు పెట్టి, అడుగున పాత గుడ్డ వేసి, చీకటిగా, సందడి లేని చోట పెట్టండి. పొద్దున్నే పశువైద్యశాలకు తీసుకుపోండి, ఫారెస్టు వాళ్లకు కూడా ఫోన్ చెయ్యండి. అడవి పక్షిని ఇంట్లో ఉంచుకోకూడదు. ముక్కు కంటికి తగలకుండా చూసుకోండి, భయంతో పొడుస్తుంది.

నేలపట్టు_దారి
శుక్రవారం, ఉదయం 5:50

నేను పశువైద్యంలో ఉన్నాను. ఈక మాత్రమే విరిగితే మన గోరు విరిగినట్టే, నొప్పి ఉండదు. ఈకలు రాల్చే కాలంలో కొత్తది వస్తుంది. రక్తం కారుతోందంటే చర్మం తెగి ఉండాలి, లేదా అప్పుడే పెరుగుతున్న ఈక విరిగి ఉండాలి. అలాంటి ఈక మొదలు భాగంలో రక్తం ఉంటుంది. భయపడాల్సింది భుజం దగ్గరి పెద్ద ఎముక గురించి. చాలా పక్షుల్లో ఆ ఎముక బోలుగా ఉండి గాలి సంచులతో కలిసి ఉంటుంది. అది విరిగి తెరుచుకుంటే ఊపిరికి కూడా ఇబ్బంది. రెండు రెక్కలూ ఒకే ఎత్తులో మడిచి కూర్చుంటోందా చూడండి. ఒకటి వేలాడుతుంటే ఎక్స్‌రే తీయించాలి. మీరే లాగి సరిచేయాలని మాత్రం చూడొద్దు.

తడ_సరస్సు
శుక్రవారం, ఉదయం 8:10

అన్నా, బెంగపడకు. రెక్క విరిగినట్టు కనపడినవన్నీ విరిగినవి కావు అని కూడా చెప్పాలనిపించింది. ఎండాకాలం సరస్సు ఎండిన చోట, ఉప్పు పేరిన నేల మీద ఉల్లంకి లాంటి చిన్న పిట్ట గుడ్లు పెడుతుంది. దగ్గరికి పోతే ఒక రెక్క ఈడ్చుకుంటూ, కుంటుతూ ముందు పోతుంది. చిన్నప్పుడు నేను పాపం అని పట్టుకోవడానికి వెంటపడ్డా. యాభై అడుగులు పోయాక టక్కున లేచి ఎగిరిపోయింది. గుడ్లకు దూరంగా తీసుకుపోయిందని మా నాయన తర్వాత చెప్పాడు. మన చింతవక్కది నిజమైన గాయమే, తెలుసు. అయినా అవి మనం అనుకున్నంత తేలిగ్గా ఓడిపోవు అని చెబుతున్నా.

కొత్తపట్నం_వనామీ
శుక్రవారం, రాత్రి 9:30

ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు. మడత దగ్గర చర్మం తెగింది, ఆరు ఈకలు విరిగాయి. కుట్లు వేశారు. ఫారెస్టు వాళ్లు వచ్చి తీసుకుపోయారు, వదిలేటప్పుడు పిలుస్తామన్నారు.

కోవూరు_వరి
శనివారం, ఉదయం 10:15

సంతోషం అన్నా. ఒక మాట, తప్పుగా అనుకోవద్దు. చింతవక్క రాత్రి, తెల్లవారుజామున తిరిగే పిట్ట. సన్నటి తెల్ల నైలాన్ దారం దానికి కనపడదు. దారానికి అడుగడుగునా మెరిసే రిబ్బను ముక్కలు కడితే దూరం నుంచే తప్పుకుంటాయి. తెగిన దారం ముక్కలు గట్టు మీద వదలకుండా ఏరేయాలి. రొయ్యా బతకాలి, పిట్టా బతకాలి.

పెన్నా_ఒడ్డు (నెల్లూరు)
ఆదివారం, రాత్రి 8:40

వారం నుంచి రోజూ ఇవన్నీ మా వాడికి చదివి వినిపిస్తున్నా. భూమి పట్టుకున్న దారం అన్నమాట వాడికి బాగా నచ్చింది. చింతవక్క కోసం దిగులుపడ్డాడు.

ఇవాళ మళ్లీ నేలపట్టు పోయాం. ఈసారి వాడు ఒక నోటుబుక్కు పెట్టుకుని ఏ పిట్ట ఎన్నిసార్లు రెక్క కొడుతుందో లెక్కపెట్టాడు. నీటికాకి ఆపకుండా కొడుతోంది, లెక్క అందలేదు. గూడబాతు పైకి తిరిగేటప్పుడు రెండు నిమిషాల్లో ఒక్కసారి కూడా కొట్టలేదు. నీటికాకి గట్టు మీద రెక్కలు రెండూ ఆరేసి నిలబడి ఉంటే ఎందుకని అడిగాడు. నత్తగుల్ల కొంగ ఒకటి గూట్లో రెక్కలు సగం విప్పి ఊరికే నిలబడి ఉంది, అది కూడా ఆరబెట్టుకోవడమేనా అన్నాడు. నేను కాదేమో అన్నాను, తెలియదు. అయిదు గూడబాతులు బాణం ములికిలా పోవడం కూడా చూశాం.

నేలపట్టు_దారి
ఆదివారం, రాత్రి 9:25

నీటికాకి ఈకలు పైపైన తడిసేలా ఉంటాయి. బాతులాగా నీళ్లు పూర్తిగా జారిపోతే అది తేలిపోతూ ఉంటుంది, మునగడం కష్టమవుతుంది. తడిస్తే లోతుకు పోయి చేప పట్టడం తేలిక, తర్వాత ఆరబెట్టుకోవాలి. నీళ్ల అడుగున అది ఈదేది కాళ్లతో. రెక్కలు అప్పుడు ఒంటికి అంటుకునే ఉంటాయి.

నత్తగుల్ల కొంగ మాత్రం గొడుగు పట్టింది. గూట్లో చిన్న పిల్లలుంటే ఎండ తగలకుండా తల్లో తండ్రో సూర్యుడికి అడ్డంగా రెక్కలు విప్పి నిలబడతాయి. ఎండ తిరిగితే అవీ తిరుగుతాయి. మళ్లీ పోయినప్పుడు నీడ ఎవరి మీద పడుతోందో చూడమనండి. ఎగరడం కాక రెక్క చేసే పనుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

ఒంగోలు_భౌతికం
ఆదివారం, రాత్రి 10:00

బాణం ములికి సంగతి నేను చెబుతాను. ముందు పక్షి రెక్క చివర నుంచి వెనక్కి ఒక సుడి పోతుంది. ఆ సుడిలో బయటివైపు గాలి పైకి లేస్తుంది. వెనక పక్షి సరిగ్గా ఆ లేచే గాలిలో తన రెక్క పెడుతుంది. 2001లో అచ్చైన ఒక పరిశోధనలో, పడవ వెంట ఎగరడం నేర్పిన తెల్ల గూడబాతులకు గుండె వేగం కొలిచే పరికరాలు కట్టారు. గుంపులో ఎగిరేటప్పుడు గుండె కొట్టుకునే వేగం ఒంటరిగా ఎగిరినప్పటి కంటే 11 నుంచి 14 శాతం తక్కువ ఉంది. వెనక ఉన్నవి ఎక్కువసేపు రెక్కలు ఆపి జారగలిగాయి. బాబును లెక్క మానొద్దని చెప్పండి. ఈసారి ములికి మొనలో ఉన్నది ఎన్నిసార్లు కొడుతోంది, చివరిది ఎన్నిసార్లు కొడుతోంది, విడివిడిగా రాయమనండి.

కొత్తపట్నం_వనామీ
పందొమ్మిది రోజుల తర్వాత, రాత్రి 7:15

ఇవాళ సాయంత్రం పిలిచారు. చీకటి పడబోతుండగా చెరువు గట్టు మీద పెట్టె తెరిచారు. కాసేపు లోపలే కూర్చుంది. తర్వాత బయటికొచ్చి రెండు గెంతులు వేసి లేచింది. కుడి రెక్కలో ఈకల సందు ఇంకా కనపడుతోంది, కొంచెం ఒక పక్కకు ఒరిగింది, మళ్లీ సర్దుకుంది. నీళ్లు దాటి అవతల తుమ్మచెట్టు మీద వాలింది.

మా రెండు చెరువులకూ రిబ్బన్లు కట్టడం నిన్నటితో అయిపోయింది. పక్క చెరువు రైతు కూడా అడిగి పట్టుకుపోయాడు.

పెన్నా ఒడ్డు అక్కా, గట్టు నుంచి తుమ్మచెట్టు దాకా ముప్పై నాలుగు సార్లు కొట్టింది. మీ అబ్బాయి నోటుబుక్కులో రాసుకోమనండి.